బొమ్మ బీరువాలో ఉంది

మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి కేటీ అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రాజెక్టు వదిలి వెళ్ళేవాడు రెండు వారాల పాటు కొత్తగా వచ్చినవాడికి అన్నీ "ఇచ్చేసి" వెళ్తాడు. ఓ పీపీటీ, ఓ ఎక్సెల్ షీటు, పది గంటల రికార్డింగులు. చివర్న మేనేజర్ గారు "కేటీ అయిపోయిందా?" అంటారు. ఇద్దరూ "అయిపోయింది" అంటారు. షీట్లో ఆ గడి ఆకుపచ్చగా మారుతుంది. తరవాత ఓ శనివారం అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోయినప్పుడు తెలుస్తుంది, ఎవరికి ఎంత వచ్చిందో.

ఈ గోలంతా ఇప్పుడెందుకంటే, గత మూడు నాలుగు నెలలుగా శని ఆదివారాల్లో నేను ఇలాంటి షీటే ఒకటి తయారు చేస్తున్నా. ఆఫీసు పని కాదు. పురిటి గదిలో పనిచేసే నర్సుల శిక్షణ గురించి.

మా పెద్దనాన్నగారబ్బాయి పిల్లల డాక్టరు. ఎంబీబీఎస్ ఇక్కడే చేసి, తరవాత ఇంగ్లండు వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. ఏడాదికోసారి తన సెలవుల్లోంచి రెండు వారాలు తీసి, మరో నలుగురైదుగురు డాక్టర్లు, నర్సులతో కలిసి తూర్పు ఆఫ్రికాలో ఒక జిల్లా ఆస్పత్రికి వెళ్తాడు. విమానం టికెట్టు కూడా సొంత డబ్బే. అక్కడ వీళ్ళ పని వైద్యం చేయడం కాదు. అక్కడి నర్సులకీ, మంత్రసాని చదువు చదివిన మిడ్‌వైఫులకీ నేర్పడం. పుట్టగానే ఏడవని బిడ్డకి ఊపిరి ఎలా అందించాలి అన్నది వీళ్ళ పాఠం.

పోయినసారి ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వు సాఫ్ట్‌వేరే కదా, ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చామో లెక్క పెట్టే చిన్న యాప్ ఒకటి రాసిపెట్టు" అన్నాడు. (బంధువుల దృష్టిలో సాఫ్ట్‌వేరు వాడంటే ప్రింటరు బాగుచేసేవాడూ, యాప్ రాసేవాడూ ఒకడే. అలవాటైపోయింది.) లెక్కపెట్టడం అరపూట పని. కానీ ఏం లెక్కపెట్టాలి అన్న దగ్గర మొదలైంది అసలు కథ.

ముందు ఆ పాఠం సంగతి చెప్తాను. దాని పేరు హెల్పింగ్ బేబీస్ బ్రీత్. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు, ప్రపంచ ఆరోగ్య సంస్థలాంటి వాళ్ళని కలుపుకుని 2010 లో మొదలుపెట్టారు. పుట్టే పిల్లల్లో పదిమందిలో ఒకరికి మొదటి ఊపిరి తీసుకోవడానికి ఎంతో కొంత సాయం కావాలి. చాలామందికి పొడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, వీపు మీద రుద్దితే చాలు, కేర్ మంటారు. కొద్దిమందికే అంబు బ్యాగుతో గాలి కొట్టాల్సి వస్తుంది. అదీ పుట్టిన మొదటి నిమిషంలోపే మొదలవ్వాలి. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు గోల్డెన్ మినిట్. ఆక్సిజన్ సిలిండరూ, కరెంటూ, డాక్టరూ లేకపోయినా ఒక్క నర్సు, ఒక్క బ్యాగు, ఒక్క మాస్కుతో చేయగలిగేటట్టు పాఠాన్ని బాగా కుదించి రాశారు. డాక్యుమెంటేషన్ అంటే ఇలా ఉండాలి అనిపించింది నాకు. బొమ్మలూ, రంగులూ, ఒకే ఒక్క ఫ్లో చార్టు.

నేర్చుకోవడానికి ఒక బొమ్మ ఉంటుంది. నియోనాటలీ. నీళ్ళు పోస్తే పసిబిడ్డంత బరువుగా, మెత్తగా చేతిలో వేలాడుతుంది. ఇద్దరిద్దరుగా కూచుంటారు. ఒకరు బల్బులు నొక్కి బొమ్మని ఏడిపిస్తారు, బొడ్డుతాడులో నాడి కొట్టిస్తారు, లేదా ఏమీ చేయకుండా ఊరుకుంటారు. రెండోవారు దాన్ని బతికించాలి. ఈ బొమ్మ చేసింది నార్వేలో స్టావాంగర్ అనే ఊరి కంపెనీ, లేర్డాల్. దాన్ని పెట్టినాయన పిల్లల పుస్తకాలూ, ఆటబొమ్మలూ చేసి అమ్మేవాడట. 1960 లో నోట్లోంచి ఊపిరి ఊదడం నేర్పే బొమ్మ చేసి మొత్తం దారి మార్చేశాడు. ఇది పక్కదారి, తెలుసు, కానీ చదివినప్పుడు భలే అనిపించింది.

"మరి అక్కడికి మీరు పోయేబదులు, వాళ్ళనే ఇంగ్లండు పిలిపించి నేర్పొచ్చు కదా అన్నయ్యా?" అని అడిగా. నవ్వాడు. అక్కడికి వచ్చిన విదేశీ నర్సు చేతులు కట్టుకుని పక్కన నిలబడి చూడ్డమే. అక్కడి రిజిస్ట్రేషన్ లేకుండా బిడ్డ మీద చెయ్యి వేయనివ్వరు. మన భాషలో రీడ్ ఓన్లీ యాక్సెస్. ఇదేం కొత్త సమస్య కాదు. డేవిడ్ పేటన్ అనే అమెరికన్ కంటి డాక్టరు 1970ల్లోనే దీని గురించి బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. బీద దేశాల డాక్టర్లు అమెరికా రావడానికి డబ్బులుండవు, వచ్చినా లైసెన్సు నిబంధనల వల్ల ఆపరేషన్ చేసి నేర్చుకోవడం కుదరదు. అందుకని ఏకంగా ఒక విమానాన్నే ఆస్పత్రిగా మార్చి వాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళాడు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇచ్చిన డీసీ-8 అది. 1982 లో మొదటి ప్రయాణం పనామాకి. ఆర్బిస్ అని ఆ సంస్థ ఇప్పటికీ ఉంది, ఇప్పుడు వాడేది మూడో విమానం. నేర్చుకునేవాడి చేతులు కదలాలంటే నేర్పేవాడే కదలాలి అన్నది వీళ్ళందరి లెక్క. అంతవరకు నాకు ఎలాంటి పేచీ లేదు.

పేచీ ఎక్కడొచ్చిందంటే, టాంజానియాలో.

ఉత్తర టాంజానియాలో హేడమ్ అని ఒక పల్లెటూరు. అక్కడ నార్వే మిషనరీలు 1950ల్లో కట్టిన ఆస్పత్రి ఉంది, హేడమ్ లూథరన్ హాస్పిటల్. అన్నయ్య పంపిన లింకుల్లో ఈ ఆస్పత్రి మీద వచ్చిన రెండు పేపర్లున్నాయి. ఒకటి 2013 లోది, ఇంకోటి 2015 లోది. నేను డాక్టర్ని కాదు, అయినా రెండూ పూర్తిగా చదివా, ఎందుకంటే అవి అచ్చం మన ప్రొడక్షన్ లాగ్స్ లాగా ఉన్నాయి. ఆ లేబర్ వార్డులో శిక్షణ పొందిన పరిశీలకుల్ని పెట్టి ప్రతి కాన్పునీ చూస్తూ, బిడ్డ ఎప్పుడు పుట్టింది, ఎన్ని సెకన్లకి ఊపిరి తీసింది, బ్యాగు ఎప్పుడు పట్టారు అని రాయించారు.

2010 ఏప్రిల్లో అక్కడి వాళ్ళకి ఒకరోజు కోర్సు పెట్టారు. కోర్సుకి ముందు బొమ్మ మీద పరీక్ష పెడితే, ఊపిరి పోసే పరీక్షలో పాసైనవాళ్ళు 18 శాతం. కోర్సు తరవాత పెడితే 74 శాతం. ఇక్కడితో ఆపేస్తే బ్రహ్మాండమైన పవర్‌పాయింట్ స్లైడు. మన వాళ్ళెవరైనా ఇక్కడే ఆపేసి కేకు కోసేవాళ్ళు.

వాళ్ళు ఆపలేదు. నిజం కాన్పుల లాగ్ తీసి చూశారు. బొమ్మ మీద అంత బాగా చేసినవాళ్ళు, నిజం బిడ్డల దగ్గర చేసే పనిలో మెరుగు కనపడలేదు. పేపర్ పేరులోనే ఆ మాట పెట్టేశారు, ఒకరోజు కోర్సు బొమ్మ మీద పనితనాన్ని పెంచింది గానీ వార్డులో పనిని మార్చలేదు అని. తాము నమ్మి నేర్పిన కోర్సు గురించి తామే ఇలా రాసుకోవడానికి గుండె ధైర్యం కావాలి. మన దగ్గర ఏ ట్రైనింగ్ డిపార్ట్‌మెంటూ ఇలాంటి మెయిల్ పంపగా నేను చూళ్ళేదు.

ఇందులో నన్ను పట్టుకున్న సంగతి వేరే. వాళ్ళు మర్చిపోలేదు, పరీక్ష పెడితే చేస్తున్నారు. అంటే సమస్య బుర్రలో లేదు. బొమ్మ ఉన్న గదికీ, బిడ్డ ఉన్న గదికీ మధ్య ఎక్కడో ఉంది.

తరవాత 2011 ఫిబ్రవరి నుంచి పద్ధతి మార్చారు. పెద్ద క్లాసుల బదులు లేబర్ వార్డులోనే, డ్యూటీ మధ్యలోనే, వారానికోసారి మూడు నుంచి ఐదు నిమిషాలు బొమ్మతో సాధన. నెలకోసారి 40 నిమిషాలు. అంతే. కొత్త పాఠం లేదు, కొత్త మిషను లేదు. ఏడాది తరవాత చూస్తే, పుట్టిన 24 గంటల్లోపు చనిపోయే పిల్లలు వెయ్యికి 11.1 నుంచి 7.2 కి తగ్గారు. పిల్లల వీపు రుద్దడం పెరిగింది, అసలు బ్యాగు దాకా వెళ్ళాల్సిన పిల్లలే తగ్గారు. ఒకే ఆస్పత్రిలో ముందు ఏడాదినీ తరవాత ఏడాదినీ పోల్చిన లెక్క కాబట్టి తగ్గుదలంతా దీని వల్లే అని గట్టిగా అనలేం. అది నేనూ ఒప్పుకుంటా. ఇంకోటి కూడా చెప్పాలి. 2013 లోనే టాంజానియాలో ఎనిమిది ఆస్పత్రుల్ని కలిపి రెండేళ్ళు చూసిన వేరే పరిశీలనలో, ఈ కార్యక్రమం పెట్టాక మొదటిరోజు మరణాలు 47 శాతం తగ్గాయని వచ్చింది. కాబట్టి పాఠం పనికిరాదు అనడానికి లేదు. పాఠం చెప్పి సంతకాలు పెట్టించుకుని విమానం ఎక్కేస్తే పనికొస్తుందా లేదా అన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న సంక్రాంతికి ఇంట్లో పెద్ద గొడవే అయింది. అన్నయ్య ఆ ఏడు పండక్కి వచ్చాడు. మా అక్క ప్రభుత్వ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు, లేబర్ రూములో చాలా ఏళ్ళు చేసింది. నేను ల్యాప్‌టాప్ తీసి హేడమ్ లెక్కలు చూపిస్తుంటే, అక్క అరిసెలు వత్తుతూ విని, "శిక్షణ లేదని ఎవరన్నారన్నయ్యా? నాకు రెండు సర్టిఫికెట్లున్నాయి. బొమ్మ కూడా ఉంది. బీరువాలో ఉంది" అంది.

మన దేశంలో కూడా 2009 నుంచి ఇలాంటి కార్యక్రమమే ఉంది, నవజాత శిశు సురక్షా కార్యక్రమ్ అని. రెండు రోజుల శిక్షణ. అక్క అందులో నేర్చుకుంది. తరవాత ఒకసారి బయటి దేశం నుంచి వచ్చిన వాలంటీర్ల బృందం దగ్గర ఇంకోసారి నేర్చుకుంది. వాళ్ళు వెళ్తూ వెళ్తూ ఒక బొమ్మనిచ్చి, ఫోటో దిగి వెళ్ళారు. బొమ్మ స్టాకు రిజిస్టర్లోకి ఎక్కింది. రిజిస్టర్లోకి ఎక్కిన వస్తువుకి ఎవరో ఒకరు బాధ్యులు. రబ్బరు చిరిగితే, బల్బు పోతే, ఆడిట్లో సమాధానం చెప్పాల్సింది ఆవిడే. అందుకని ఆవిడ దాన్ని భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేశారు. "ఆవిణ్ణి అనడానికి లేదు తమ్ముడూ. బయట పెట్టి పాడైతే మెమో, లోపల పెట్టి వాడకపోతే ఎవరూ అడగరు. నువ్వయినా ఏం చేస్తావు?" అంది.

అన్నయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మేం పోయే చోట కూడా మొన్న బొమ్మ కోసం అడిగితే తాళం చెవి ఉన్నావిడ సెలవులో ఉంది" అన్నాడు.

అక్క ఇంకో మాట కూడా అంది. ఇది ఏ పేపర్లోనూ నాకు కనపడలేదు. "పెద్ద డాక్టర్లు వార్డులో ఉంటే మేమందరం ఒక అడుగు వెనక్కి వేస్తాం. బిడ్డ ఏడవకపోతే మీరే లాక్కుని మీరే బ్యాగు పట్టేస్తారు. చక్కగా చేస్తారు, బిడ్డ బతుకుతుంది, అందరం చప్పట్లు కొడతాం. రాత్రి రెండింటికి మీరుండరు కదా అన్నయ్యా, అప్పుడు బ్యాగు నా చేతిలో ఉంటుంది." అన్నయ్యకి కోపం వచ్చింది. కళ్ళ ముందు బిడ్డ నీలంగా మారుతుంటే, నేర్చుకోండమ్మా అని చేతులు కట్టుకుని నిలబడమంటావా అన్నాడు. అక్క నిలబడమనలేదు. "మీ చెయ్యి నా చెయ్యి మీద పెట్టండి, నా చేతిలోంచి లాక్కోకండి" అంది. నాకు వెంటనే ఆన్‌సైట్ లీడ్‌లు గుర్తొచ్చారు. "నువ్వు జరుగు, నేను చేస్తా" అని కీబోర్డు లాక్కుని, పది నిమిషాల్లో ఇష్యూ క్లోజ్ చేసి హీరో అయిపోయేవాళ్ళు. మర్నాడు అదే ఇష్యూ వస్తే ఆఫ్‌షోర్ వాడు వాళ్ళు నిద్రలేచే దాకా కాచుక్కూచుంటాడు.

మూడోది డ్యూటీ మార్పులు. లేబర్ రూములో నేర్చుకున్న నర్సుని కొన్నాళ్ళకి సర్జికల్ వార్డుకో, ఓపీకో వేస్తారు. అక్కనీ వేశారు. అన్నయ్య వాళ్ళ ఆస్పత్రిలో కూడా ముందు ఏడాది నేర్చుకున్నవాళ్ళలో సగం మంది కూడా లేబర్ వార్డులో లేరట. మనకి ఒక మనిషి రిజైన్ చేస్తే ప్రాజెక్టు గుల్ల అవుతుంది, అక్కడ ఎవరూ రిజైన్ చేయకుండానే అవుతుంది.

అన్నట్టు, మనుషుల సంగతే కాదు, యంత్రాలదీ ఇదే కథ. డ్యూక్ యూనివర్సిటీలో రాబర్ట్ మాల్కిన్ అని ఒక బయోమెడికల్ ప్రొఫెసరు ఉండేవారు. ఇంజినీరింగ్ విద్యార్థుల్ని వాలంటీర్లుగా బీద దేశాల ఆస్పత్రులకి పంపి పాడైన పరికరాలు బాగుచేయించేవారు. ఆయనా, ఇంకొకరూ కలిసి 2011 లో లక్షా 12 వేల పైచిలుకు పరికరాల వివరాలు పోగేసి చూస్తే 38 శాతం పైగా పనిచేయడం లేదు. మొదటి కారణాల్లో ఒకటి శిక్షణ లేకపోవడం. అంతకుముందు ఏడాది వచ్చిన ఇంకో పేపర్లో, మూలపడ్డ వాటిలో మూడింట రెండొంతులు కేవలం 107 చిన్న చిన్న పనులు వస్తే బాగుచేయొచ్చని తేల్చారు. ప్లగ్గు వైరు మార్చడం, ఫిల్టరు శుభ్రం చేయడం, ఫ్యూజు వేయడంలాంటివి. ట్రిపులీ చదివి జావా రాసుకుంటున్న నాలాంటి వాళ్ళు ఈ పేపరు చదివితే కాస్త గుచ్చుకుంటుంది :)

సరే, మళ్ళీ నా షీటు దగ్గరికొస్తా.

అన్నయ్య వాళ్ళ బృందానికి ఇంగ్లండులో ఒక చిన్న ట్రస్టు డబ్బులిస్తుంది. బొమ్మలకీ, బ్యాగులకీ, మాస్కులకీ అవే దిక్కు. ట్రస్టు వాళ్ళ ఫారంలో ప్రధానమైన గడి ఒక్కటే. ఈ ఏడాది ఎంతమందికి శిక్షణ ఇచ్చారు? కొత్తవాళ్ళని ఎంతమందిని కూచోబెడితే అంత మంచి అంకె. హేడమ్ పద్ధతిలో పోతే అదే పాతికమందితో ఏడాదంతా మళ్ళీ మళ్ళీ చేయించాలి. అప్పుడు ఆ గడిలో పాతికే ఉంటుంది. పోయినేటి కన్నా తక్కువ. తక్కువ అంకె చూసి వాళ్ళు డబ్బులు ఆపేస్తే బొమ్మలూ ఉండవు, మాస్కులూ ఉండవు. అన్నయ్య భయం అదీ. నేను తేలిగ్గా కొట్టిపారేయలేను, నేను గడి మారిస్తే నష్టపోయేది నేను కాదు కదా.

కానీ ఆ గడి నింపే యాప్ మాత్రం నేను రాయనన్నాను. అంత మాట నేరుగా అనలేదు లెండి, పెద్దవాడు. "తలలు లెక్కపెట్టడానికి ఎక్సెల్ చాలన్నయ్యా, యాప్ ఎందుకు" అన్నా.

చివరికి మేం ముగ్గురం కూచుని తేల్చింది ఇది. వారానికి ఒక ఎంట్రీ. ఈ వారం సాధన జరిగిందా, ఏ షిఫ్టులో జరిగింది, ఎన్ని నిమిషాలు. ముఖ్యంగా రాత్రి షిఫ్టులో జరిగిందా. బొమ్మ ఎక్కడ ఉంది, వార్డులోనా, బీరువాలోనా (ఈ గడి అక్క పట్టుబట్టి పెట్టించింది). బ్యాగూ, రెండు సైజుల మాస్కులూ వార్మర్ పక్కన చేతికందేలా ఉన్నాయా. కాన్పుల రిజిస్టర్లోంచి ఆ వారం కాన్పులెన్ని, ఎంతమందికి బ్యాగు పట్టారు. నేను సెకన్లు కూడా అడుగుదామన్నా. అక్క కళ్ళెర్రజేసింది. ఒక్క సిస్టరు ఇద్దరు తల్లుల్ని చూసుకుంటూ స్టాప్‌వాచీ నొక్కుతుందా అని. నిజమే, హేడమ్‌లో దానికోసం విడిగా మనుషుల్ని పెట్టారు, మాకు ఆ స్తోమత లేదు. కాబట్టి మా లెక్కతో పిల్లలు బతికారని మేం చెప్పలేం. సాధన జరుగుతోందో లేదో మాత్రం చెప్పగలం.

ఇంకోటి, పేర్లు లేవు. నేను లాగిన్ పెట్టా మొదట, ఆడిట్ ట్రైల్ ఉండాలి కదా అని. అక్క ఒక్క ముక్కలో తీయించేసింది. "పేరు రాయమంటే అందరూ చేశామనే రాస్తారు." ఇప్పుడు వార్డుకి ఒక ఫోను, ఫోనుకి ఒక పిన్ను, అంతే.

ఈసారి అన్నయ్య వాళ్ళు పెద్ద వర్క్‌షాపు పెట్టడం లేదు. అక్కడి మిడ్‌వైఫులు ఇద్దరు ముందుకొచ్చారు, వారం వారం సాధన చేయించేది వాళ్ళే. వీళ్ళు వెళ్ళేది ఆ ఇద్దరి పక్కన నిలబడ్డానికి. 2016 లో వచ్చిన రెండో ఎడిషన్ పాఠంలోనే, కోర్సు అయిపోయాక వార్డులో సాధన ఎలా కొనసాగించాలన్నది చేర్చారు కాబట్టి ట్రస్టుకి చూపించడానికి మాకో ఆధారం ఉంది. అన్నయ్య పాత ఫారం కింద ఒక పేజీ ఉత్తరం రాసి జతచేశాడు, అందులో హేడమ్ అంకెలు నేనే టేబుల్ వేసి ఇచ్చా. వాళ్ళింకా జవాబివ్వలేదు. బొమ్మని ఆస్పత్రి స్టాకులో రాయకుండా "బృందం వారి వస్తువు, వాడుక కోసం" అని ఒక కాగితం మీద రాసిచ్చే ఏర్పాటు కూడా చేశారు. చిరిగితే బాధ్యత బృందానిదే. ఈ ఐడియా కూడా అక్కదే.

నా వైపు మిగిలింది సింక్ సమస్య. అక్కడ నెట్ ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలీదు, ఫోన్లన్నీ పాత ఆండ్రాయిడ్‌లు. పగటి షిఫ్టు ఫోనూ రాత్రి షిఫ్టు ఫోనూ ఒకే వారానికి రెండు వేర్వేరు ఎంట్రీలు పంపితే, చివరగా వచ్చింది ఉంచేసి మొదటిది పారేయడం ఇప్పటిదాకా చేస్తున్న పని. అలా చేస్తే రాత్రివాళ్ళ సాధన లెక్కలోంచి పోతోంది, మాకు అన్నిటికన్నా కావాల్సింది అదే. రెండూ ఉంచి కలిపితే కాన్పుల సంఖ్య డబుల్ అవుతోంది. షిఫ్టుకో రికార్డు చేసి కాన్పుల గడిని విడదీద్దామా అనుకుంటున్నా. ఇలాంటివి చేసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఏది మేలో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. వచ్చే నెల పదిహేనున వాళ్ళ ఫ్లైటు.